చెప్పులు కుట్టే ఇంటి నుంచి బేకలైటు దాకా: లియో బేక్‌లాండ్ జీవితం



మన వార్షికోత్సవ సంచికలో ఏటా బాబాసాహెబ్ అంబేద్కర్ గారి గురించో, మహాత్మా ఫూలే గారి గురించో, అబ్దుల్ కలాం గారి గురించో ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అవి రావాలి, ఎప్పటికీ వస్తూనే ఉండాలి. ఈసారి నేను మాత్రం మీలో చాలామంది పేరు కూడా వినని ఒక రసాయన శాస్త్రవేత్త గురించి రాస్తున్నాను. పేరు వినకపోయినా ఆయన తయారుచేసిన వస్తువును మీరు చిన్నప్పటి నుంచీ ముట్టుకుంటూనే ఉన్నారు. పాత గదుల్లో ఉండే నల్లటి గుండ్రటి స్విచ్చి, బల్బు హోల్డరు, వంటగదిలో కుక్కరు పిడి, ఇవన్నీ బేకలైటువే. పదో తరగతి, ఇంటర్ పుస్తకాల్లో బేకలైటు ఒక మార్కు ప్రశ్న. ఫినాల్, ఫార్మాల్డిహైడ్ అని రాస్తే మార్కు పడిపోతుంది. దాన్ని కనుక్కున్న మనిషి ఎవరో ఆ మార్కులో లేదు.

ఆయన పేరు లియో హెండ్రిక్ బేక్‌లాండ్. ఆయన తండ్రి చెప్పులు కుట్టేవారు. తల్లి పరాయి ఇళ్ళలో పనిచేసేది. నిజం చెప్పాలంటే ఈ రెండు వాక్యాలు చదివిన రోజే ఈ వ్యాసం రాయాలనుకున్నాను.

బేక్‌లాండ్ 1863 నవంబరు 14న బెల్జియం దేశంలోని ఘెంట్ పట్టణంలో జన్మించారు. మనం బాలల దినోత్సవం జరుపుకునే తేదీ అదే. ఘెంట్ అప్పట్లో పత్తి, అవిసె నార మిల్లుల ఊరు. తండ్రికి చదువు లేదు. కొడుక్కి పన్నెండు పదమూడేళ్ళు రాగానే తన పక్కన కూర్చోబెట్టుకొని పని నేర్పితే చాలనుకున్నారు. అందులో ఆయన తప్పేమీ లేదు. ఇంట్లో ఇంకో రెండు చేతులు పనిచేస్తే పూట గడుస్తుందని అనుకునే తండ్రి అన్ని దేశాల్లోనూ ఉంటాడు. తల్లి రోసాలియా మాత్రం ఒప్పుకోలేదు. ఆమె పనిచేసే ఇళ్ళలో చదువుకున్న వాళ్ళు ఎలా బతుకుతున్నారో ఆమె రోజూ చూస్తుండేది. పిల్లవాడు బడికే వెళ్ళాలని పట్టుబట్టింది. మన హాస్టల్లో చేరిన పిల్లల్లో సగం మంది వెనుక ఇలాంటి అమ్మే ఉందని నాకు తెలుసు.

బడితో పాటు ఘెంట్ మున్సిపల్ సాంకేతిక పాఠశాలలో సాయంత్రం తరగతులకు వెళ్ళి రసాయన, భౌతిక శాస్త్రాలు, యంత్రశాస్త్రం నేర్చుకున్నారు. ఫోటోగ్రఫీ అంటే పిచ్చి. ఫోటో కాగితానికి కావలసిన సిల్వర్ నైట్రేట్ కొనడానికి డబ్బు లేక, తండ్రి ఇచ్చిన గడియారం వెండి గొలుసును ఆమ్లంలో కరిగించారని ఒక కథ చెబుతారు. ఆ గొలుసులో రాగి కూడా కలిసి ఉండటంతో, ముందు రాగిని వేరు చేసే పద్ధతి నేర్చుకోవలసి వచ్చిందట. గొలుసు పోయిందని తండ్రి ఏమన్నారో కథలో లేదు.

1880లో ఘెంట్ నగరం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఘెంట్ విశ్వవిద్యాలయంలో చేరారు. 1884లో, ఇరవై ఒక్కేళ్ళు నిండీ నిండకముందే, అత్యున్నత శ్రేణిలో డాక్టరేట్ తెచ్చుకున్నారు. నాలుగేళ్ళు. స్కాలర్‌షిప్ సమయానికి చేతికి వస్తే ఏం జరుగుతుందో దీన్ని బట్టి మనకు తెలుస్తుంది. సమయానికి రాకపోతే ఏం జరుగుతుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. నా డిగ్రీ రెండో సంవత్సరంలో ఉపకార వేతనం పది నెలలు ఆగిపోయి, పరీక్ష ఫీజుకు మా అమ్మ చెవి కమ్మలు తాకట్టు పెట్టింది. మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటి మనిషిని నేనే. ఆ కమ్మల లెక్క కూడా ఆ డిగ్రీలో ఉంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. బెల్జియంలో చెప్పులు కుట్టే ఇంటికి పేదరికం ఉంది, అంటరానితనం లేదు. బేక్‌లాండ్ నీళ్ళు తాగిన గ్లాసును ఎవరూ విడిగా పెట్టలేదు. ఆ తేడాను మరచిపోయి ఆయన చేశాడు కాబట్టి మీరూ చేయాలని చెబితే అది న్యాయం కాదు. అయితే దరఖాస్తు ఫారంలో తండ్రి వృత్తి అని ఒక గడి ఉంటుంది కదా. మనలో కొందరు ఆ గడి దగ్గర పెన్ను ఆపి, చెప్పులు కుట్టడం అని రాయలేక కూలీ అని రాస్తారు. ఆయన జీవిత చరిత్రలు రాసిన వాళ్ళు తండ్రి వృత్తిని దాచకుండా రాశారు.

చదువయ్యాక బ్రూజ్ పట్టణంలోనూ, తర్వాత ఘెంట్‌లోనూ పాఠాలు చెప్పారు. తన గురువు ప్రొఫెసర్ థియోడర్ స్వార్ట్స్ కూతురు సెలీన్‌ను 1889 ఆగస్టులో పెళ్ళిచేసుకున్నారు. అంతకుముందే ఆయనకు ప్రయాణపు స్కాలర్‌షిప్ ఒకటి వచ్చింది. దానితో భార్యాభర్తలు అమెరికా వెళ్ళారు. న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయం రసాయన శాస్త్ర ఆచార్యుడు చార్లెస్ చాండ్లర్ ఈ కుర్రవాడి తెలివి చూసి, తిరిగి వెళ్ళవద్దని సలహా ఇచ్చారు. ఆయన అక్కడే ఉండిపోయారు. కొలంబియా పేరు వినగానే మీకు ఇంకొకరు గుర్తు రావాలి. 1913లో బరోడా మహారాజా ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో బాబాసాహెబ్ అంబేద్కర్ గారు చదువుకోవడానికి వెళ్ళింది అదే కొలంబియాకు. 1917లో బేక్‌లాండ్ ఆ విశ్వవిద్యాలయంలోనే గౌరవ ఆచార్యులయ్యారు. అప్పటికి బాబాసాహెబ్ అక్కడి నుంచి వెళ్ళిపోయారు.

అమెరికాలో మొదట్లో సుఖంగా ఏమీ లేదు. ఫోటో సామాన్ల కంపెనీలో రెండేళ్ళు పనిచేసి, మానేసి, సొంతంగా సలహాదారుగా బతకాలని చూశారు. ఒకేసారి నాలుగైదు పనులు మొదలుపెట్టారు. ఏదీ పూర్తికాలేదు. జబ్బుపడ్డారు, చేతిలో డబ్బు అయిపోయింది, అప్పులయ్యాయి. మంచంలో పడుకున్నప్పుడే ఇక ఒక్క పని మీదే కూర్చోవాలని తీర్మానించుకున్నారట. ఆ ఒక్క పని వెలాక్స్ అనే ఫోటో కాగితం. అంతకుముందు ఫోటోలు ముద్రించడానికి ఎండ కావాలి. వెలాక్స్ కాగితం మీద దీపం వెలుతురులోనే ముద్రించవచ్చు. 1893లో భాగస్వామితో కలిసి న్యూయార్క్ పక్కన యాంకర్స్‌లో నెపెరా కెమికల్ కంపెనీ పెట్టారు. 1899లో కొడక్ యజమాని జార్జ్ ఈస్ట్‌మన్ దాన్ని కొనేశారు. ధర సుమారు 7,50,000 డాలర్లని చెబుతారు. అది వాటాదార్లందరికీ కలిపి వచ్చిన మొత్తం. ఆయన వాటా కూడా జీవితాంతం కూర్చొని తినడానికి చాలినంత ఉంది. మధ్యలో ఒక దుఃఖం కూడా ఉంది. మొదటి బిడ్డ జెన్నీ చిన్నవయసులోనే చనిపోయింది.

ముప్పై ఆరేళ్ళకే ధనవంతుడైన మనిషి కూర్చొని తినలేదు. యాంకర్స్‌లో ఇల్లు కొని, పక్కనున్న పశువుల కొట్టాన్ని ప్రయోగశాలగా మార్చుకున్నారు. ఫోటో కాగితం వ్యాపారం మళ్ళీ చేయకూడదని ఒప్పందం ఉంది కనుక కొత్త విషయం నేర్చుకోవాలి. 1900లో బెర్లిన్ వెళ్ళి విద్యుత్ రసాయన శాస్త్రం చదివి వచ్చారు. డాక్టరేట్ వచ్చిన పదహారేళ్ళకు, డబ్బుండి, మళ్ళీ వెళ్ళి విద్యార్థిగా కూర్చోవడం నాకు ఆయన జీవితంలో బాగా నచ్చిన విషయం.

ఇక అసలు కథకు వస్తాను.

ఆ రోజుల్లో కరెంటు కొత్తగా వ్యాపిస్తోంది. తీగల మీద పూతకు, మోటార్ల లోపల కరెంటు పక్కకు పోకుండా ఆపడానికి లక్క వాడేవారు. ఆ లక్క ఎక్కువగా మన దేశం నుంచే వెళ్ళేది. మోదుగ, రేగు, పుసుగు చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు పెట్టే జిగురే లక్క. మన ఏటికొప్పాక బొమ్మల మీద మెరుపు, హైదరాబాద్ లాడ్ బజార్ గాజులు దానివే. పురుగులు పెట్టేది కొంచెం, కరెంటు కంపెనీలకు కావలసింది చాలా. ధర పెరిగిపోయింది. పైగా లక్కకు ఒక గుణం ఉంది. వేడి తగిలితే మెత్తబడి కారిపోతుంది. భారతంలో లక్క ఇల్లు ఎందుకు కట్టించారో మీకు తెలుసు. మోటారు వేడెక్కితే లోపలి లక్క కూడా అంతే. దీనికి మారు వస్తువు తయారుచేయాలని బేక్‌లాండ్ అనుకున్నారు.

ఫినాల్‌ను, ఫార్మాల్డిహైడ్‌ను కలిపితే ఒక జిగురు ముద్ద వస్తుందని 1872లోనే జర్మనీలో బేయర్ అనే గొప్ప శాస్త్రవేత్త రాశారు. అది గాజు పాత్రకు అంటుకొని దేనికీ కరగకుండా ఉండిపోయేది. పాత్ర పాడుచేసే చెత్త అని అందరూ వదిలేశారు. దేనికీ కరగని, వేడికి లొంగని వస్తువు దొరికితే అది చెత్త ఎలా అవుతుంది? బేక్‌లాండ్ ఆ ప్రశ్న దగ్గర మొదలుపెట్టారు. తన సహాయకుడు నతానియల్ థర్లోతో కలిసి ముందు కరిగే రకం ఒకటి తయారుచేసి, నోవొలాక్ అని పేరు పెట్టారు. లక్కకు బదులు దాన్ని ఎవరూ పెద్దగా కొనలేదు.

1907 జూన్‌లో వేరే ఆలోచన వచ్చింది. చెక్క ముక్కలను ఈ రసాయనాల మిశ్రమంలో నానబెట్టి, మూసిన గొట్టాల్లో సుమారు 150 డిగ్రీల దాకా వేడిచేశారు. మెత్తటి చెక్కను గట్టిపరచాలన్నది ఉద్దేశం. తీసి చూస్తే చెక్క సంగతి అటుంచి, బయటికి కారిన జిగురు రాయిలా గట్టిపడి ఉంది. కరగదు, కాలదు, మెత్తబడదు. కొద్ది రోజుల్లోనే దానికి తన పేరు మీదుగా బేకలైటు అని పేరు పెట్టుకున్నారు.

ఇందులో రసాయన శాస్త్రం కొంచెం చెప్పక తప్పదు. భయపడకండి. ఫినాల్, ఫార్మాల్డిహైడ్ అణువులు ఒకదానితో ఒకటి చేతులు కలిపినప్పుడల్లా ఒక నీటి అణువు బయటికి వస్తుంది. ఆ వేడిలో ఆ నీరు ఆవిరై బుడగలు కడుతుంది. ముద్దంతా స్పంజిలా తయారవుతుంది. ఆయనకు ముందు పనిచేసినవాళ్ళు బుడగలు రాకుండా వేడి తగ్గించి, రోజుల తరబడి నిదానంగా చేయాలని చూశారు. బేక్‌లాండ్ దానికి పూర్తిగా ఎదురు దారిలో వెళ్ళారు. వేడి పెంచారు. కానీ మూత బిగించి ఒత్తిడి పెట్టారు. ఒత్తిడి ఉంటే ఆవిరి బుడగ కట్టలేదు. మన కుక్కరు సూత్రమే. ఆ ఇనుప పాత్రకు బేకలైజర్ అని పేరు. 1907 జూలైలో వేసిన పేటెంటు దరఖాస్తు 1909 డిసెంబరులో మంజూరైంది. ఇంగ్లండులో జేమ్స్ స్విన్‌బర్న్ అనే ఇంజనీరు కూడా ఇదే పని చేసి, పేటెంటు కార్యాలయానికి వెళ్ళేసరికి ఒక్క రోజు ఆలస్యమైందని చెబుతారు.

అంటే ఈ పదార్థం పుట్టిన రోజు నుంచీ వేడి, నీరు దాని పక్కనే ఉన్నాయి. వేడి లేకపోతే అది పుట్టదు. నీటిని అణచకపోతే అది నిలవదు. తర్వాత దాని ఆయుష్షు తీసేవి కూడా ఆ రెండే. నేను ఎం.ఎస్సీ.లో చదువుతున్నది సరిగ్గా ఇదే విషయం కనుక ఇక్కడ కాసేపు ఆగుతాను.

పచ్చి ఇటుకను నీళ్ళలో వేస్తే మట్టి అయిపోతుంది. కాల్చిన ఇటుకను వేస్తే ఇటుకగానే ఉంటుంది. లక్క పచ్చి ఇటుక లాంటిది, బేకలైటు కాల్చిన ఇటుక లాంటిది. ఒకసారి గట్టిపడితే లోపల అణువులన్నీ వలలా అల్లుకుపోతాయి. మళ్ళీ కరిగించడం సాధ్యం కాదు. కానీ ఉత్త బేకలైటు జిగురు పెళుసు. కింద పడితే పగులుతుంది. అందుకని బేక్‌లాండ్ దానిలో రంపపు పొట్టు లాంటి మెత్తటి చెక్కపొడి కలిపారు, బట్ట, కాగితం, ఆస్బెస్టాస్ నార కూడా వాడారు. పోగులు బలాన్నిస్తాయి, జిగురు వాటిని పట్టి ఉంచుతుంది. మన ఊళ్ళలో మట్టిగోడ కట్టేటప్పుడు మట్టిలో వరిగడ్డి వేసి తొక్కేది ఎందుకో అడగండి, మీ తాత ఇదే చెబుతాడు. మట్టి ఒక్కటే అయితే ఎండకు బీటలు వారుతుంది, గడ్డి ఒక్కటే అయితే నిలబడదు. ఇలాంటి జోడీ వస్తువులనే ఇప్పుడు కాంపోజిట్లు అంటున్నారు. ఫైబర్ అని మనం వాడుకలో పిలిచే నీళ్ళ ట్యాంకులు, తలుపులు, విమానం రెక్కలు అన్నీ ఆ కుటుంబమే. (ఆస్బెస్టాస్ పోగు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి ప్రాణాలు తీస్తుందని తర్వాత బయటపడింది. ఆ ధూళి పీల్చింది మాత్రం కార్ఖానా కార్మికులు.)

ఇందులో మన నెల్లూరు జిల్లాకు కూడా సంబంధం ఉంది. కరెంటు పనులకు లక్కతో పాటు అభ్రకం కూడా వాడేవారు. గూడూరు, సైదాపురం ప్రాంతాల గనుల నుంచి అభ్రకం విదేశాలకు వెళ్ళేది. అమెరికాలో ఇద్దరు ఇంజనీర్లు, ఓకానర్, ఫేబర్ అనేవారు, బట్టను లేక కాగితాన్ని ఈ జిగురులో తడిపి పొరలు పొరలుగా వేడిచేసి నొక్కితే అభ్రకానికి బదులుగా పనికివస్తుందని గ్రహించి 1913లో కంపెనీ పెట్టారు. అభ్రకం బదులు అనే అర్థం వచ్చేలా దానికి ఫార్మైకా అని పేరు పెట్టారు. మన బల్లల మీద అంటించే సన్‌మైకా రేకు ఆ వంశమే. గోధుమరంగు కాగితాన్ని బేకలైటు జాతి జిగురులో తడిపి పొరలుగా నొక్కి, పైన బొమ్మ ఉన్న కాగితం పెడతారు.

ఇప్పుడు వాన కాలం సంగతి చూద్దాం. బేకలైటు జిగురు నీటిని అంతగా పీల్చదు. లోపలున్న చెక్కపొడి, నూలు, కాగితం పీలుస్తాయి. అంచు దగ్గరో, రంధ్రం వేసిన చోటో, పగులు దగ్గరో పోగు బయటికి కనిపిస్తే దీపం వత్తి నూనె పీల్చినట్టు తేమను లోపలికి లాక్కుంటుంది. పోగు ఉబ్బుతుంది. చుట్టూ ఉన్న జిగురు ఉబ్బదు. ఎండ వస్తే పోగు ఆరి ముడుచుకుంటుంది. ఉబ్బి, ముడుచుకొని, ఉబ్బి, ముడుచుకొని, చివరికి పోగుకూ జిగురుకూ మధ్య పట్టు వదిలిపోతుంది. కంటికి కనిపించని సందులు ఏర్పడతాయి. మరుసటి వానకు నీరు ఇంకా లోపలికి పోతుంది. మట్టిగోడ బీటలో నీరు దిగినట్టే. బలం తగ్గుతుంది. అంతకంటే ముఖ్యంగా, కరెంటును ఆపే శక్తి తగ్గుతుంది.

నా ప్రాజెక్టులో పని చూడటానికి చాలా చిన్నది. జనపనార, పాలిస్టర్ జిగురు కలిపి ముక్కలు చేసి, వేడినీళ్ళలో వేసి, రోజూ తీసి తుడిచి తూకం వేయడం. అందులో ఒక లెక్క ఉంది. బరువు రోజులతో సమానంగా పెరగదు, రోజుల వర్గమూలంతో పెరుగుతుంది. మొదటి రోజు ఎంత పెరిగిందో దానికి రెట్టింపు కావాలంటే నాలుగో రోజు దాకా ఆగాలి, మూడింతలు కావాలంటే తొమ్మిదో రోజు దాకా. తర్వాత ఇక పీల్చలేక ఆగిపోతుంది. నీళ్ళ వేడి పెంచితే ఈ వరసంతా తొందరగా అయిపోతుంది. అందుకే వేడి ఒక్కటి, తేమ ఒక్కటి విడివిడిగా చేసే నష్టం కంటే రెండూ కలిసి చేసే నష్టం ఎక్కువ. వేడి నీటికి దారి తెరుస్తుంది. నీరు జిగురు అణువుల మధ్య దూరి వాటి పట్టు సడలిస్తుంది, దాంతో జిగురు ఇంకా తక్కువ వేడికే మెత్తబడుతుంది. విమానాల్లో వాడే ఎపాక్సీ జిగురు ఒక శాతం నీరు పీలిస్తే మెత్తబడే ఉష్ణోగ్రత సుమారు 20 డిగ్రీలు పడిపోతుందని ఇంజనీర్లు అంచనా వేసుకుంటారు. ఇంత చేసినా ఆరబెడితే కొంత బలం తిరిగి వస్తుంది. అయితే నీరు జిగురు బంధాలనే తెంచితే, పోగు దగ్గర పట్టు వదిలితే ఇక రాదు. గాజు పోగును కూడా నీరు వదలదు, పైపొరలోని క్షారాలను మెల్లగా కడిగేస్తుంది. దాన్ని అడ్డుకోవడానికి గాజు పోగులకు ముందే సైలేన్ అనే రసాయనం పూస్తారు. అది ఒక చేత్తో గాజును, ఇంకో చేత్తో జిగురును పట్టుకుంటుంది. కార్బన్ పోగు నీరు పీల్చదు. కాబట్టి బాధంతా జిగురుదే.

ఈ చదువంతా మన స్విచ్చి బోర్డు దగ్గరికి తీసుకువస్తాను. బేకలైటుకు ఒక లోపం ఉంది. దాని మీద తడి, దుమ్ము చేరి సన్నగా కరెంటు పాకితే, ఆ దారిలో పైపొర మాడి బొగ్గవుతుంది. బొగ్గు కరెంటును ఆపదు, మోస్తుంది. ఒకసారి ఆ నల్లటి గీత పడితే ప్రతి వానకూ అది పొడవవుతుంది, చివరికి నిప్పురవ్వ వస్తుంది. అందువల్ల గోడకు చెమ్మ ఎక్కిన చోట ఉన్న పాత స్విచ్చి పగిలినా, దాని మీద చెట్టు వేరులా నల్లటి గీతలు కనిపించినా, వేలితో తాకితే జిల్లుమన్నా, దానికి టేపు చుట్టి వాడకండి. ఆ వైపు మెయిన్ ఆపించి వార్డెన్ గారికి చెప్పండి, మార్చేదాకా అడుగుతూనే ఉండండి. తడి చేతులతో, తడి నేల మీద నిలబడి స్విచ్చి వేయవద్దని చిన్న తరగతుల పిల్లలకు పెద్ద తరగతుల వాళ్ళే చెప్పాలి. కొద్ది డబ్బుతో మారిపోయే వస్తువు దగ్గర ఒక పిల్లవాడి ప్రాణం ఉంటుంది.

1909 ఫిబ్రవరిలో అమెరికన్ కెమికల్ సొసైటీ న్యూయార్క్ శాఖ సమావేశంలో బేక్‌లాండ్ తన పదార్థాన్ని అందరికీ చూపించారు. 1910లో జనరల్ బేకలైట్ కంపెనీ మొదలైంది. రేడియో పెట్టెలు, టెలిఫోన్లు, కార్లలో ఇంజన్ రగిలించే భాగాలు, కెమెరాలు, సీసా మూతలు, ఒకటని కాదు. కాపీ కొట్టిన వాళ్ళ మీద పేటెంటు కేసులు వేసి గెలిచారు. ఓడిన రెండు కంపెనీలను 1922లో తనలో కలుపుకున్నారు. ఆయన్ని సాధువుగా చూపించాలని నాకు లేదు. లెక్క తెలిసిన వ్యాపారి. అయితే ఓడిన వాళ్ళను మూసివేయించకుండా భాగస్వాములను చేసుకోవడంలో ఒక పెద్దరికం ఉందనే నా అభిప్రాయం. ఇంగ్లండులో ఒక్క రోజు ఆలస్యమైన స్విన్‌బర్న్ గారే తర్వాత అక్కడి బేకలైట్ కంపెనీకి మొదటి అధ్యక్షుడు అయ్యారు. 1924లో బేక్‌లాండ్ అమెరికన్ కెమికల్ సొసైటీకి అధ్యక్షులయ్యారు, అదే ఏడు టైమ్ పత్రిక ముఖచిత్రంగా ఆయన బొమ్మ వేసింది.

బేకలైటు జాతి జిగురు తర్వాత ఎక్కడెక్కడికో పోయింది. ఘన ఇంధన రాకెట్ల నాజిల్ లోపల కార్బన్ బట్టను ఈ జిగురుతో కలిపి అస్తరుగా వేస్తారు. అక్కడ వేల డిగ్రీల వేడి. ఏ జిగురూ ఆ వేడికి నిలవదు, ఇది కూడా నిలవదు. కానీ ఇది కారిపోకుండా పొరపొరగా మాడి బొగ్గవుతూ, ఆ మాడటంలోనే వేడిని మింగి లోపలి లోహాన్ని కాపాడుతుంది. స్విచ్చి మీద లోపమైన గుణమే రాకెట్లో అక్కరకు వచ్చింది. కలాం గారు తుంబాలో ఉన్నప్పుడు ఇలాంటి పోగుల ప్లాస్టిక్ విభాగంలో పనిచేశారు. తర్వాత హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో పోలియో పిల్లలు మూడు కిలోల ఇనుప కాలిపట్టీలు మోస్తుండటం చూసి, క్షిపణులకు వాడే కాంపోజిట్ పరిజ్ఞానంతో 300 గ్రాముల పట్టీలు చేయించారు. తన పనులన్నిటిలో ఆయనకు ఎక్కువ సంతోషం ఇచ్చినవాటిలో అది ఒకటి.

బేక్‌లాండ్ చివరి రోజులు అంత సందడిగా లేవు. కొడుకు జార్జ్‌కు కంపెనీ నడపాలన్న ఆసక్తి లేదు. 1939లో కంపెనీని యూనియన్ కార్బైడ్‌కు అమ్మేశారు. ఆ పేరు మన దేశానికి వేరే కారణంగా గుర్తుంది. 1984 డిసెంబరులో భోపాల్‌లో వేల మందిని చంపిన విషవాయువు యూనియన్ కార్బైడ్ భారత శాఖ కర్మాగారం నుంచి వచ్చింది. అప్పటికి బేక్‌లాండ్ పోయి నలభై ఏళ్ళు. ఆయనకు దానితో సంబంధం లేదు. కానీ ఒక మనిషి పశువుల కొట్టంలో మొదలుపెట్టిన వస్తువు పెద్ద కంపెనీల చేతుల్లోకి వెళ్ళాక ఎవరి పక్కన చేరుతుందో ఎవరూ చెప్పలేరు.

కోట్లు ఉన్నా పెద్దవయసులో డబ్బాల్లో ఉండే తిండే ఎక్కువగా తినేవారు. మనుషుల్లో కలవడం తగ్గించేశారు. 1907 నుంచి రాస్తూ వచ్చిన డైరీలు మాత్రం దాదాపు చివరిదాకా రాశారు. 1944 ఫిబ్రవరి 23న న్యూయార్క్ రాష్ట్రంలోని బీకన్ పట్టణంలో ఒక వైద్యశాలలో మెదడులో రక్తస్రావంతో కన్నుమూశారు. ఎనభై ఏళ్ళు బతికారు.

ఆ డైరీలు, ఆ మొదటి ఇనుప బేకలైజర్ ఇప్పుడు అమెరికాలో స్మిత్‌సోనియన్ సంస్థ వారి దగ్గర భద్రంగా ఉన్నాయి. పాత బేకలైటు రేడియోలను, ఫోన్లను కూడా మ్యూజియంలలో దాస్తున్నారు. దాచే చోట వేడి, గాలిలో తేమ ఎక్కువ కాకుండా చూసుకోవాలి. లేకపోతే ఏళ్ళ మీద పైనున్న జిగురు పొర అరిగి మెరుపు పోతుంది. నల్లటి పెట్టె మీద అక్కడక్కడ మసక మచ్చలు వస్తాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే అవి లోపలి నుంచి బయటపడిన చెక్కపొడి రేణువులు.